మూడు వాలు గీతలు

నారిన్‌లో మా ఆఫీసు ఒక రొట్టెల కొట్టు మీద.
తెల్లవారుజామున కింద పొయ్యి రాజేస్తారు,
ఐదింటికల్లా నా పాదాల కింద నేల వెచ్చబడుతుంది.
ఆ వెచ్చదనంలో కూర్చునే రాశాను
గొర్రెల డాక్టరమ్మ కోసం ఒక యాప్.

కాలిపా అక్క జూన్ రాగానే గుర్రమెక్కి
సోన్‌కుల్ సరస్సు ఒడ్డుకి పోతుంది, మందల వెంట.
అక్కడ గడ్డి ఉంది, గాలి ఉంది, సిగ్నల్ లేదు.
"పుస్తకం తడిసి అట్టకట్టింది," అంది,
"ఈ ఫోనులో పెట్టివ్వు.
ఏ జబ్బుకి ఏ మందు, ఎంత బరువుకి ఎంత."

నూట పన్నెండు పేజీలు.
నాలుక మీద పొక్కులు, వాచిన గిట్ట,
పాలిపోయిన కనురెప్ప లోపలి పొర,
బొమ్మలతో సహా అన్నీ
దారిబత్తెం కట్టినట్టు కట్టి
యాప్ కడుపులో పెట్టాను.

నా బల్ల మీద బ్రహ్మాండంగా తెరుచుకుంది.
ఆమె చేతిలో తెల్లగా.
తెల్లగా, అంతే. ఒక్క అక్షరం లేదు.
"మంచు పడిందే నీ యాప్‌లో," అంది కాలిపా అక్క.
నవ్వలేదు.

చంకలో బిడ్డనుంచుకుని ఊరంతా వెతికినట్టు
తన లోపలున్న పేజీ కోసం
ఆ ఫోను ఆకాశమంతా గాలిస్తోంది.
ఆకాశంలో ఏముంది, ఒక డేగ తప్ప.

రాత్రి కూర్చుని అడ్రసు మార్చాను.
ముందు ఫైల్ అనే మాట, ఒక రెండు చుక్కలు,
ఆపైన మూడు వాలు గీతలు.
మూడెందుకని చదువుకునే రోజుల్లో
నేనెవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.
రెండో గీతకీ మూడో గీతకీ నడుమ
ఊరి పేరు రాయాలట.
ఏమీ రాయకుండా వదిలేస్తే
ఇక్కడే, అని అర్థమట.

ఆ ఖాళీ వంక చాలాసేపు చూశాను.
కింద ఎవరో పిండి పిసుకుతున్నారు.

మాటలొచ్చాయి. బొమ్మలు రాలేదు.
సంచి పేరులో మొదటి అక్షరం
నేను పెద్దబడిలో రాసి, చిన్నబడిలో పిలిచాను.
నా కంప్యూటరు చూసీ చూడనట్టు పోనిచ్చింది,
కొండెక్కే ఫోను పోనివ్వలేదు.
ఒక్క అక్షరం కిందికి దించాను.
గిట్ట వాచింది. నాలుక పొక్కింది.
గొర్రె జబ్బు చూసి అంత సంబరపడ్డ మనిషి
నారిన్‌లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆమె వెళ్లిపోయింది.
పదిహేను రోజులు ఏ కబురూ లేదు.
కబురు లేకపోవడమే పనిచేస్తోందనడానికి సాక్ష్యమని
నాకు నేనే చెప్పుకున్నాను.

ఉప్పు కోసం దిగొచ్చినప్పుడు
ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.
వెనక ఒక ప్లాస్టరు ముక్క,
దాని మీద పెన్సిలుతో ఆమె చేతిరాత:
"నలభయ్యో పేజీ. మేకలకి సగమే."

తప్పు నాదే, ఎక్కించేటప్పుడు చూసుకోలేదు.
లోపల మూటకట్టిన మాట
మూటకట్టిన నాటి తప్పుతోనే కొండెక్కుతుంది.
నేనిక్కడ దిద్దుకుంటే అక్కడ మారదు.
"ఏ మేకైనా..." అని అడగబోయాను.
"నాకు చదువు రాదనుకున్నావా," అంది,
ఉప్పు బస్తా భుజానికెత్తుకుంటూ.
కొత్తది సిద్ధమయ్యేదాకా ఆగలేదు.

మర్నాడు దిద్దిన పేజీలన్నీ
గోరంత మెమరీ కార్డులో వేసి
రొట్టె చుట్టే కాగితంలో మడిచి
పాల లారీ ఎసెన్‌గుల్ చేతికిచ్చాను.
టోపీ మడతలో దోపుకున్నాడు.
గీతల అవతల అడ్రసు చెప్పసాగాను:
ఉత్తరపు ఒడ్డు, వాగు దాటాక మూడో గుడారం,
ఊరి పేరంటూ...

"ఊరి పేరెందుకు," అన్నాడు ఇంజను తిప్పుతూ,
"అక్కడే ఉంటుందిగా."